అనంతపురం సయనైట్‌లో రేర్ ఎర్త్: గని అవుతుందా, వార్తగానే మిగులుతుందా?

నల్లరేగడి (చర్చ మొదలుపెట్టినవారు)

2023 ఏప్రిల్‌లో హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు అనంతపురం జిల్లా సయనైట్ (గ్రానైట్ లాంటి అగ్నిశిల) రాళ్లలో రేర్ ఎర్త్ (అయస్కాంతాల్లాంటివాటికి వాడే మూలకాల గుంపు) ఖనిజాలు గుర్తించామని ప్రకటించారు. లాంథనం, సీరియం, నియోడిమియం, యిట్రియం, నియోబియం, జిర్కోనియం, స్కాండియం అంటూ పెద్ద జాబితా ఇచ్చారు. దంచెర్ల, పెద్దవడుగూరు, దండువారిపల్లె, రెడ్డిపల్లె, చింతలచెరువు, పులికొండ పేర్లు అప్పుడు పేపర్లలో వచ్చాయి. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు మూలకాల ఎగుమతికి లైసెన్సు పెట్టాక అదే పాత వార్త వాట్సాప్‌లో మళ్లీ తిరుగుతోంది. ఈసారి 'సీమ నేల కింద లక్షల కోట్లు' అన్న హెడ్డింగ్‌తో.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అక్కడ రేర్ ఎర్త్ ఉంది, నిక్షేపం, అంటే తవ్వితే గిట్టేంత పోగు, ఉందని మాత్రం ఎవరూ చూపించలేదు. ఆంధ్రాలో నిక్షేపం అనదగ్గది సముద్రం ఒడ్డున ఇసుకలో ఉంది.

ఎందుకంటే, ఈ మూలకాలు ఉండటం గొప్పేమీ కాదు. భూమి పైపొరలో సీరియం దాదాపు రాగి అంత ఉంది. వీటిలో అతి తక్కువగా దొరికే థూలియం కూడా వెండికన్నా ఎక్కువే. ఒకచోట పోగవ్వకపోవడమే తంటా. రాగికి, సీసానికి గంధకం తోడు దొరికి ఖనిజంగా గడ్డకడతాయి. వీటికి అలాంటి తోడు లేదు. పైగా అయాన్ పెద్దది, చార్జి మూడు. రాళ్లలో మామూలుగా ఉండే ఆలివిన్, పైరాక్సిన్, ఫెల్డ్‌స్పార్ ఏ స్ఫటికంలోనూ సరిగ్గా ఇమడవు. శిలాద్రవం గడ్డకడుతున్న కొద్దీ చివరి ద్రవంలోకి నెట్టుకుపోతాయి. ఆ చివరి ద్రవాల్లో ఒకటి గట్టిపడితే వచ్చేదే సయనైట్. అంటే అనంతపురంలో జరిగింది మొదటి పోగు మాత్రమే. గని కావాలంటే రెండోసారి ఇంకెవరో పోగుచేయాలి: వేడి ద్రవాలో, వానో, ఏరో, అలలో. ఆ రెండో పని దంచెర్ల దగ్గర ఎవరు చేశారో చెప్పండి.

గుత్తి_రోడ్

అన్నా, మా జిల్లాలో ఏం దొరికినా ముందు అనుమానమే. వజ్రకరూరు కింబర్లైట్ల గురించీ ఇలాగే అన్నారు.

మీ 'రెండుసార్లు' రూలు ఎక్కడిది? రష్యాలో కోలా ద్వీపకల్పంలో లోవోజెరో రేర్ ఎర్త్ గని ఉంది. నెఫెలిన్ సయనైట్, అంటే సయనైట్‌లోనే ఒక రకం. వాన కడిగింది లేదు, అలలు జల్లించింది లేదు. శిలాద్రవం పొరలు పొరలుగా గడ్డకట్టి లోపరైట్ అనే ఖనిజం అడుగున చేరింది. 1950ల నుంచి తవ్వుతూనే ఉన్నారు. ఒక్కసారి పోగైతే చాలని అదే రుజువు.

ఇంకోటి. అమెరికాలో మౌంటెన్ పాస్ రేర్ ఎర్త్ నిక్షేపాన్ని 1949లో కనిపెట్టినవాళ్లు యురేనియం కోసం తిరుగుతున్నవాళ్లు. రేడియేషన్ మీటరు కూసింది, చూస్తే బాస్ట్నసైట్ అనే రేర్ ఎర్త్ ఖనిజం. అది ఉన్న కార్బొనటైట్ (కార్బొనేట్ శిలాద్రవం గడ్డకట్టిన రాయి) పక్కన ఏ రాయి ఉందో చూశారా? షాంకినైట్ (సయనైట్ చుట్టం), సయనైట్! అంటే సయనైట్ అసలు దాని పక్కింటి రాయి కావచ్చు. ఎన్‌జీఆర్‌ఐ వాళ్లే లోతుగా, కిలోమీటరు దాకా డ్రిల్లింగ్ చేయాలన్నారు. అది చేయకుండా మీరు తీర్పు ఎలా ఇస్తారు?

నల్లరేగడి

లోవోజెరో మంచి ఉదాహరణే, ఒప్పుకుంటాను. కానీ ప్రపంచంలో ఎన్ని వందల సయనైట్లు ఉన్నాయో లెక్కేసి, వాటిలో రేర్ ఎర్త్ కోసం నిజంగా తవ్వుతున్నవి ఎన్నో చూడండి. లోవోజెరో పేరు చెప్పాక మీరూ ఆగిపోతారు.

బొర్రా_దారి

నేను ఖనిజ శుద్ధి వైపు మనిషిని. మీరిద్దరూ టన్నుకు ఎన్ని గ్రాములు అని కొట్లాడుకుంటారేమో, దానికన్నా ముందు అడగాల్సింది: ఆ గ్రాములు ఏ ఖనిజంలో ఉన్నాయి?

ఈ రోజు ప్రపంచంలో రేర్ ఎర్త్ వచ్చేది ప్రధానంగా బాస్ట్నసైట్, మోనజైట్, జెనోటైమ్, లోపరైట్, ఇంకా దక్షిణ చైనా మట్టి నుంచి. అంతే. వీటిని విడగొట్టే పద్ధతులు పాతవి, ఖర్చు ఎంతో తెలుసు. లోపరైట్‌లో దాదాపు మూడో వంతు రేర్ ఎర్త్ ఆక్సైడ్లే. దానితోపాటు నియోబియం, టాంటలం, టైటానియం కూడా అమ్ముడవుతాయి. లోవోజెరో నిలబడింది అందుకు.

అనంతపురం జాబితాలో గట్టిగా వినిపించిన పేర్లు అల్లనైట్, జిర్కాన్, పైరోక్లోర్ వగైరా. మోనజైట్ కూడా ఉందన్నారు. అల్లనైట్ సిలికేట్, అంటే సిలికాతో కట్టుకున్న ఖనిజం. రేర్ ఎర్త్ బాగానే ఉంటుంది కానీ దాన్ని ప్రధాన ముడిసరుకుగా పెట్టుకుని నడుస్తున్న పెద్ద గని లేదు. సిలికేట్లను ఆమ్లంలో కరిగిస్తే వచ్చే చిక్కు స్వీడన్ నోరా షేర్‌లో, గ్రీన్‌లాండ్ ఇలిమౌసాక్‌లో యూడియలైట్ అనే మరో సిలికేట్ మీద పనిచేసినవాళ్లకు బాగా తెలుసు. సిలికా జెల్‌గా మారి ఫిల్టర్లన్నీ మూసుకుపోతాయి. దానికి మార్గాలు కనిపెట్టారు, కానీ ఖర్చు పెరుగుతుంది.

కాబట్టి 'అల్లనైట్ దొరికింది' అంటే నాకు సంతోషం కన్నా టెన్షన్ ఎక్కువ.

కొత్తగా_వచ్చా

క్షమించాలి, సైన్స్ స్టూడెంట్‌ని కాదు. మోనజైట్ అంటే భీమిలి బీచ్ ఇసుకలో ఉండేదే కదా? అది ఉన్నప్పుడు అనంతపురం దాకా ఎందుకు? తీస్తే సరిపోదా?

నల్లరేగడి

మంచి ప్రశ్న అండీ. కాస్త పొడుగ్గా చెబుతాను, ఎందుకంటే నా వాదన అంతా ఇక్కడే ఉంది.

తూర్పు కనుమల్లో ఖోండలైట్, చార్నొకైట్ రాళ్లు. భూమి లోతుల్లో విపరీతమైన వేడికి, ఒత్తిడికి లోనై పైకి వచ్చినవి. వాటిలో చిన్న చిన్న గింజలుగా మోనజైట్ ఉంటుంది. ఇది ఫాస్ఫేట్, మొండి ఖనిజం. రాయి కుళ్లి మట్టి అయిపోయినా ఈ గింజ కుళ్లదు. వాగులు, నదులు మోసుకొచ్చి సముద్రంలో పడేస్తే అలలు చేటలా పనిచేస్తాయి. తేలికైన తెల్ల ఇసుక వెనక్కి పోతుంది, బరువైన ఇల్మెనైట్, గార్నెట్, జిర్కాన్, మోనజైట్ ఒడ్డున మిగులుతాయి. భీమిలి దగ్గర నల్లగా, ఎర్రగా చారలు కనిపించేది అందుకే. సముద్రమట్టం పెరిగి, తగ్గిన ప్రతిసారీ పాత ఒడ్డు ఒకటి లోపలికి మిగిలిపోయింది. ఎర్రమట్టి దిబ్బల్లో కూడా బరువైన ఖనిజాలు ఉండటానికి ఈ చరిత్రే కారణం.

అణు ఖనిజాల డైరెక్టరేట్ లెక్కలో దేశం మొత్తం మీద మోనజైట్ సుమారు 1.3 కోట్ల టన్నులు. అందులో రేర్ ఎర్త్ ఆక్సైడ్లు 72 లక్షల టన్నులు. రాష్ట్రాల్లో పెద్ద వాటా ఆంధ్రాదే, 37 లక్షల టన్నుల పైచిలుకు మోనజైట్. గట్టి రాళ్లలో వాళ్లు లెక్క కట్టింది 12.9 లక్షల టన్నుల ఆక్సైడ్లు, అవి గుజరాత్, రాజస్థాన్‌లలో. అనంతపురం ఆ లెక్కలో లేదు. నేను మొదట్నుంచీ అంటున్నది ఇదే.

ఇక తీస్తే సరిపోదా అంటే, రెండు అడ్డంకులు. మన మోనజైట్‌లో థోరియం ఆక్సైడ్ 8–10 శాతం ఉంటుంది, అందుకే దాన్ని అణు ఖనిజంగా లెక్కిస్తారు, ప్రైవేటువాళ్లకు ఇవ్వరు. రెండోది అసలైనది: మోనజైట్‌లో తేలిక రేర్ ఎర్త్‌లే ఎక్కువ. నియోడిమియం, ప్రాసియోడిమియం దొరుకుతాయి. వేడిలో కూడా అయస్కాంతం బలం పోకుండా కాపాడే హెవీ (బరువు) రకం డిస్ప్రోషియం, టెర్బియం దాదాపు సున్నా. ఇప్పుడు తవ్వుతున్న మన నిక్షేపాల్లో ఇవి తీయదగినంత లేవని పార్లమెంటులో ప్రభుత్వమే చెప్పింది. విశాఖలో ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ అయస్కాంతాల ప్లాంటు 2023లో మొదలైంది చూడండి, అది సమేరియం–కోబాల్ట్ రకం. సమేరియం మోనజైట్‌లో ఉంది కాబట్టి ఆ దారి మనకు నప్పింది.

గుత్తి_రోడ్

అదిగో, మీరే చెప్పారు! బీచ్ ఇసుకలో హెవీ లేదు. చైనా 2025లో ఆపినవి ఏవి? సమేరియం, గాడోలినియం, టెర్బియం, డిస్ప్రోషియం, లుటీషియం, యిట్రియం, స్కాండియం. దాదాపు అన్నీ మధ్య రకం, హెవీ రకం. మీ భీమిలి ఇసుక ఆ కొరత తీర్చలేదు. యిట్రియం ఉందని ప్రకటించిన మా రాయినే చూడాలి కదా.

పెర్త్‌లో_తెలుగోడు

ఇక్కడ పశ్చిమ ఆస్ట్రేలియాలో ఉండి చదువుతున్నాను. గుత్తి_రోడ్ గారి ప్రశ్నకు జవాబు దక్షిణ చైనాలో ఉంది, ఇంతవరకు ఎవరూ అటు వెళ్లలేదు.

ప్రపంచానికి హెవీ రేర్ ఎర్త్ ఇచ్చింది ఏ గొప్ప గట్టి రాయీ కాదు, జియాంగ్సీ రాష్ట్రం కొండల మీది ఎర్రమట్టి. 1969లో గుర్తించారు. అందులో ఆక్సైడ్లు 0.05 నుంచి 0.2 శాతం. మౌంటెన్ పాస్‌లో 7–8 శాతంతో పోలిస్తే నవ్వొస్తుంది. అయినా లాభం, ఎందుకంటే ఆ మట్టిలో రేర్ ఎర్త్ ఏ ఖనిజంలోనూ బందీగా లేదు. బంకమట్టి రేణువుల మీద అయాన్లుగా అంటుకుని ఉంది. అమ్మోనియం సల్ఫేట్ నీళ్లు పోస్తే దిగి వచ్చేస్తుంది. రాయి పగలగొట్టేది లేదు, ఆమ్లంలో ఉడికించేది లేదు, థోరియం గొడవ కూడా బాగా తక్కువ.

మరి అది అక్కడే ఎందుకు ఏర్పడింది? రెండు షరతులు. ఒకటి, వెచ్చని వాతావరణం, ఏడాదికి 1500 మిల్లీమీటర్లు దాటే వాన, నిమ్మళంగా వాలిన కొండలు. రెండోది చాలామంది వదిలేసేది: గ్రానైట్‌లో రేర్ ఎర్త్ మోనజైట్‌లోనో జిర్కాన్‌లోనో కాకుండా సులువుగా కుళ్లే ఖనిజాల్లో ఉండాలి. ఫ్లోరోకార్బొనేట్లు, టైటనైట్, ఇంకా... అల్లనైట్! అది కుళ్లితేనే అయాన్లు బయటపడి కిందికి దిగి బంకమట్టిని పట్టుకుంటాయి.

ఇప్పుడు మన రాష్ట్రం చూడండి. తూర్పు కనుమల్లో వాన ఉంది, కానీ అక్కడ రేర్ ఎర్త్ మొండి మోనజైట్‌లో ఉంది. అది కుళ్లదు, బీచ్‌కి పోతుంది. అనంతపురంలో కుళ్లే అల్లనైట్ ఉంది, వాన 550 మిల్లీమీటర్లు! ఒకచోట వాన ఉంటే రాయి నప్పలేదు, ఇంకోచోట రాయి ఉంటే వాన లేదు. బొర్రా_దారి గారు అల్లనైట్ చూసి టెన్షన్ అన్నారు. శుద్ధి కర్మాగారానికి అది చెడ్డ ఖనిజమే, మట్టి నిక్షేపానికి మాత్రం మంచి తల్లి ఖనిజం.

గుత్తి_రోడ్

అనంతపురం ఎప్పుడూ ఇలాగే ఎండి ఉందా సార్? 5 కోట్ల ఏళ్ల కిందట మన దేశం భూమధ్యరేఖ దగ్గరగా ఉంది. అప్పటి వానలకే కదా బాక్సైట్లు, లేటరైట్లు ఏర్పడ్డాయి. ఆ కాలం మట్టి ఎక్కడైనా గుంటల్లో, బండల మధ్య మిగిలి ఉంటే?

పెర్త్‌లో_తెలుగోడు

ఉంటే మాత్రం నేనే ఎగిరి గంతేస్తాను. మా దగ్గర లావర్టన్ ఊరి అవతల మౌంట్ వెల్డ్ సరిగ్గా అలాంటిదే. ఇప్పుడు ఎడారి లాంటి చోటు. 200 కోట్ల ఏళ్ల నాటి కార్బొనటైట్, దాని మీద ఎప్పుడో తడి కాలంలో కార్బొనేట్ అంతా కరిగిపోయి, అపటైట్ అనే ఫాస్ఫేట్ కుళ్లి, రేర్ ఎర్త్ కొత్త మోనజైట్‌గా మిగిలింది. పైన సరస్సు మట్టి కప్పేసింది కాబట్టి కొట్టుకుపోలేదు. కప్పు లేకపోతే మిగిలేది కాదు.

సీమలో ఆ కప్పు ఎక్కడుంది? పాత లేటరైట్ కనుమల ఎత్తైన శిఖరాల మీద మిగిలింది, కింద మైదానాల్లో చాలావరకు కోసుకుపోయింది. దంచెర్ల చుట్టూ తాజా బండలు బయటికి కనిపిస్తున్నాయంటేనే పైమట్టి పోయిందని అర్థం. పూర్తిగా పోయిందని నేను అనను. చేతి డ్రిల్లుతో పది మీటర్లు దిగితే తేలే విషయం, కిలోమీటరు బోరు అక్కర్లేదు.

సిలికా_శీను

కాస్త పక్కదారి. బయాన్ ఓబో ప్రపంచంలోకెల్లా పెద్ద రేర్ ఎర్త్ గని కదా, ఇన్నర్ మంగోలియాలో. అక్కడి డోలమైట్ సముద్రం అడుగున పేరుకున్న సున్నపు రాయా, లేక కార్బొనటైట్ శిలాద్రవమా అని దశాబ్దాలు కొట్టుకున్నారు. ఒక పద్ధతిలో వయసు 130 కోట్ల ఏళ్లు వస్తుంది, మోనజైట్ థోరియం–సీసం పద్ధతిలో 40–45 కోట్ల దగ్గర కూడా వస్తుంది. ఇప్పుడు ఎక్కువమంది కార్బొనటైటే అంటున్నారు, తర్వాత వేడి ద్రవాలు మళ్లీ కలబెట్టాయని కూడా. ఈ గొడవ తేలకముందే వాళ్లు దశాబ్దాలుగా తవ్వేసుకున్నారు. అంటే పుట్టుక తేలాలని రూలు లేదు, సరుకు ఉంటే చాలు.

నల్లరేగడి

శీనూ, తవ్వుతున్న గనికి పుట్టుక తేలకపోయినా నష్టం లేదు. ఇంకా దొరకని గనికి పుట్టుకే దిక్సూచి. ఎక్కడ బోరు వేయాలో అదే చెబుతుంది. బయాన్ ఓబోలో 1927లో మొదట దొరికింది ఇనుము. ఇనుము కోసం వెళ్లినవాళ్లకు రేర్ ఎర్త్ కలిసొచ్చింది.

బొర్రా_దారి

అందరూ స్కాండియాన్ని రేర్ ఎర్త్ జాబితాలో కలిపేసి ముందుకెళ్లిపోతున్నారు. ఇది తేలాలి, ఎందుకంటే ఆ ప్రకటనలో స్కాండియం కూడా ఉంది, దాన్ని విమానాల లోహంలో కలుపుతారన్న మాట పట్టుకుని యూట్యూబ్‌లో విమానాలు ఎగరేస్తున్నారు.

స్కాండియం స్వభావం మిగతావాటికి సరిగ్గా వ్యతిరేకం. అయాన్ చిన్నది. మెగ్నీషియం, ఇనుము కూర్చునే చోట్లలో, అంటే పైరాక్సిన్, యాంఫిబోల్‌లో హాయిగా ఇమిడిపోతుంది. కాబట్టి చివరి ద్రవం దాకా రాదు, మొదట్లోనే నల్లరాళ్లలో పలచగా పరుచుకుపోతుంది. పైపొరలో టన్నుకు 20 గ్రాముల పైనే ఉంది, సీసం కన్నా ఎక్కువ. అయినా ప్రపంచం మొత్తం ఏడాదికి తీసే స్కాండియం ఆక్సైడ్ పదుల టన్నుల్లో ఉంటుంది. అదీ దాదాపు అంతా ఉప ఉత్పత్తే: టైటానియం రంగు తయారీ వ్యర్థం, బయాన్ ఓబో వ్యర్థం, ఫిలిప్పీన్స్‌లో నికెల్ లేటరైట్, కెనడాలో సోరెల్–ట్రేసీ టైటానియం ప్లాంటు ఆమ్లం.

ప్రధాన ఖనిజంగా చూడాలంటే న్యూ సౌత్ వేల్స్‌లో నింగన్ లాంటివి. నల్ల పైరాక్సిన్ రాళ్లు కుళ్లి లేటరైట్ అయితే మెగ్నీషియం కరిగిపోయి స్కాండియం ఇనుప ఆక్సైడ్లలో మిగులుతుంది. మంచి భాగాల్లో టన్నుకు 400 గ్రాముల దాకా.

అందుకే ఒకే జాబితాలో నియోడిమియం, స్కాండియం రెండూ చూసి ఒకే రాతిలో రెండూ పండాయనుకోవద్దు.

గుత్తి_రోడ్

క్వెబెక్‌లో క్రేటర్ లేక్ అని ఉంది, స్కాండియం సయనైట్‌లోనే ఉందట. దానికేమంటారు?

బొర్రా_దారి

బాగా పట్టుకున్నారు. కానీ అది ఇనుము దండిగా ఉన్న ఫెర్రోసయనైట్. స్కాండియం హెడెన్‌బర్జైట్ అనే పైరాక్సిన్‌లో, హేస్టింగ్సైట్ అనే యాంఫిబోల్‌లో ఉంది. మళ్లీ అదే సూత్రం! లేత గులాబీ ఫెల్డ్‌స్పార్ రాయి ఎంత పగలగొట్టినా రాదు. మీ వైపు సయనైట్ చుట్టుపక్కల నల్లటి పైరాక్సిన్ పోగులు ఉంటే వాటిని పరీక్ష చేయించమనండి.

పొలంగట్టు

మీరంతా దొరుకుతుందా లేదా అంటున్నారు. దొరికితే ఏంటి పరిస్థితి? జియాంగ్సీ కొండలు అమ్మోనియం నీళ్లతో ఏమయ్యాయో ఫోటోలు చూశాను. ఇప్పుడు ఆ తవ్వకం మయన్మార్ కచిన్ వైపు మళ్లింది. మాది ఏడాదికి నాలుగు వానలు పడితే గొప్ప అనుకునే ఊరు. బోరు నీళ్లలో అమ్మోనియా కలిస్తే వేరుశనగ కాదు కదా, తాగడానికీ ఉండదు. గట్టి రాయి తవ్వితే థోరియం ఉన్న రాతిపిండి వ్యర్థాన్ని కట్ట కట్టి పెట్టాలి, ఎండాకాలం గాలి సంగతి మీకు తెలుసు. దీనికి జవాబు చెప్పాకే మిగతాది.

నల్లరేగడి

పొలంగట్టు గారూ, మీరన్నది మొదట అడగాల్సిన ప్రశ్నే. నేను దాని జోలికి వెళ్లనిది, అసలు సరుకు ఉందో లేదో తేలకుండా ఊళ్లో భయం, ఆశ రెండూ రేపడం ఇష్టం లేక. భూముల రేట్లు అప్పుడే పెంచేస్తున్నారని వింటున్నాం.

గుత్తి_రోడ్ గారూ, ఏం చూపిస్తే ఒప్పుకుంటానో రాసి పెడుతున్నాను. ఒక ముక్క రాతిలో 2 శాతం వచ్చిందంటే ఒప్పుకోను. కనీసం నాలుగైదు బోర్లలో, వరుసగా 20 మీటర్ల మందం, సగటున 1 శాతం ఆక్సైడ్లు, అందులో సగానికి పైగా మోనజైట్‌లోనో బాస్ట్నసైట్‌లోనో ఉండాలి. లేదా పైమట్టిలో, అమ్మోనియం ఉప్పు నీళ్లకు దిగి వచ్చే రేర్ ఎర్త్ 0.05 శాతం దాటాలి. ఈ రెంటిలో ఒకటి చాలు.

గుత్తి_రోడ్

లెక్క బాగుంది. నాది కూడా రాసుకోండి: పక్కన కార్బొనటైట్ డైక్ (బండను చీల్చుకుని గోడలా గడ్డకట్టిన రాయి) ఒక్కటి దొరికినా మీ మొదటి పోస్టు తీసేయాలి. తమిళనాడు సేవత్తూరులో సయనైట్, పైరాక్సినైట్, కార్బొనటైట్ మూడూ పక్కపక్కనే ఉన్నాయి. మా దగ్గర మూడోది ఎవరూ సరిగ్గా వెతకలేదని నా నమ్మకం.

నల్లరేగడి

డైక్ దొరికితే పోస్టు తీయను, కింద మీ పేరుతో కలుపుతాను. గుజరాత్ అంబాడోంగర్‌లో ఎంత పెద్ద కార్బొనటైట్ ఉందో, ఇన్నేళ్లయినా అక్కడ రేర్ ఎర్త్ గని ఎందుకు లేదో కూడా పక్కనే రాస్తాను.

పెర్త్‌లో_తెలుగోడు

బోర్ల దాకా ఆగక్కర్లేదు. జీఎస్‌ఐ (భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ) వాళ్ల భూకోశ్ పోర్టల్‌లో వాగుల మట్టి రసాయన లెక్కలు ఉచితంగా ఉన్నాయి, 2 కిలోమీటర్ల గడులుగా. సీరియం, లాంథనం పక్కన యిట్రియం కూడా పెరిగిన గడి ఉంటే హెవీ వైపు ఆశ. థోరియం, ఫాస్ఫరస్ రెండూ కలిసి పెరిగితే అది మోనజైట్. థోరియం పెరిగి ఫాస్ఫరస్ పెరగకపోతే అల్లనైట్ అనుకోవచ్చు. స్ట్రాన్షియం, బేరియం, నియోబియం మూడూ ఒకేచోట ఎగిస్తే గుత్తి_రోడ్ గారి కార్బొనటైట్ కోసం బూట్లు వేసుకోవచ్చు.

గుత్తి_రోడ్

పెద్దవడుగూరు, దంచెర్ల వైపు గడులు నేను దించుతాను. పులికొండ వైపు ఎవరైనా తీసుకోండి. ఫైల్ పెట్టాక ముందు స్ట్రాన్షియం కాలమ్ చూడండి, సీరియం కాలమ్ చూసి వెళ్లిపోకండి.